డ్రాపౌట్ అని రాసిన పేరు: గుంటూరు మిర్చి యార్డు హమాలీ కేస్ స్టడీ

తాగుడు మాన్పించే మా ప్రోగ్రాం రిజిస్టర్లో ఒక మనిషి పేరు ఎదురుగా, ఆయన చేరిన ఆరు నెలల్లోపు నాలుగు ఎంట్రీలు ఉన్నాయి. 30వ రోజు: మానేశాడు. 90వ రోజు: మానేశాడు. 110వ రోజు: మళ్లీ మొదలుపెట్టాడు. 140వ రోజు: డ్రాపౌట్. మొదటిది నిజమే గానీ అందులో మా గొప్పేమీ లేదు. రెండోది సగమే నిజం. మూడోదీ నాలుగోదీ తప్పు. నాలుగూ రాసింది నేనే.

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. గుంటూరులో తాగుడు, ఇతర మత్తు అలవాట్లు మానాలనుకునేవాళ్ల కోసం నడిచే ఒక చిన్న ప్రోగ్రాంలో కేర్ కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. కోఆర్డినేటెడ్ కేర్ అంటే వినడానికి పెద్దగా ఉంటుంది, పని మాత్రం తిరుగుడు పని. తాగుడు ముదిరిన మనిషికి వణుకు తగ్గించేది ఒక డాక్టరు, లివర్ చూసేది ఇంకొకరు, కౌన్సెలింగ్ మూడో గదిలో. అప్పుల గొడవ ఇంట్లో, తాగించే స్నేహాలు పనిచోట. ఒకచోట జరిగింది ఇంకోచోట తెలియదు. వీటన్నిటి మధ్య ఫోన్ పట్టుకుని తిరిగే మనిషి ఒకరు కావాలి.

ఆ మనిషి అవసరమా అని ఎవరూ అడగరు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎయిమ్స్‌తో చేయించి 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకమైన వైద్యం అందుతోంది. ఆస్పత్రిలో చేరి వైద్యం చేయించుకునేది 180 మందిలో ఒక్కరు. అంటే మా గడప తొక్కిన ప్రతి మనిషీ ఇంత జల్లెడ దాటి వచ్చినవాడే. అలాంటివాణ్ణి మధ్యలో పోగొట్టుకోకూడదనే ఈ ప్రోగ్రాం పెట్టారు. అది నిజంగా పనిచేస్తోందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు మా దగ్గర ఉందనే అనుకున్నాం, ఈ కేసు వచ్చేదాకా.

వివరాలు కొన్ని మార్చాను. రాసింది ఆయనకీ ఆయన భార్యకీ చదివి వినిపించాను. ఒకటి రెండుచోట్ల "ఇది వద్దు మేడం" అన్నారు, తీసేశాను.

మాల

వయసు నలభైకి అటూ ఇటూ. మిర్చి యార్డులో హమాలీ. టిక్కీ (మిర్చి బస్తా) ఒకటి నలభై కిలోల పైమాటే, సీజన్లో రోజంతా అవి దించడం, కాటా పెట్టడం, లారీకెత్తడం. కాయ ఘాటుకి మనలాంటివాళ్లం గేటు దాటగానే దగ్గుతాం. భార్యదీ అదే లోకం, తొడిమెలు తీసే పని. ఆయన తాగుడు ఒళ్లు నొప్పులతో మొదలై, ముందు కటింగ్ (సగం క్వార్టర్), తర్వాత క్వార్టర్, మా దగ్గరికి వచ్చేనాటికి రోజూ రెండు క్వార్టర్లు.

క్వార్టర్ అన్న మాట మీద కాసేపు ఆగాలి. మా ఫారాల్లో 'స్టాండర్డ్ డ్రింక్' అని ఉంటుంది, పేషెంట్లు ఆ కొలత వాడరు. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. లెక్కేస్తే క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్, అంటే పది గ్రాముల చొప్పున ఆరు డ్రింకులు. తాగుడు తీవ్రత కొలిచే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆడిట్ (AUDIT) ప్రశ్నావళిలో మూడో ప్రశ్న "ఒకే విడతలో ఆరు లేదా అంతకంటే ఎక్కువ డ్రింకులు ఎన్నిసార్లు?" అని. "ఒక్క క్వార్టరే మేడం, ఎక్కువేం కాదు" అనేవాడు ఆ ఒక్క మాటతోనే ఆ గీత దాటేసినట్టు. ఈ లెక్క మా టీంలో చాలామందికి తెలియదు. నాకూ మొదట్లో తెలియదు.

కార్తీకంలో ఆయన అయ్యప్ప మాల వేసుకున్నాడు. తాగుడు మానడానికే వేసుకున్నాడు. మనవైపు ఎంతోమందికి తెలిసిన దారి ఇది. డాక్టరు దగ్గరికి పోతే పరువు తక్కువ, మాల వేసుకుంటే గౌరవం. ముందురోజు రాత్రిదాకా రెండు క్వార్టర్లు తాగి, తెల్లారి చన్నీళ్ల స్నానం చేసి, నల్లబట్ట కట్టి, ఒక్కసారిగా ఆపేశాడు.

రోజూ తాగే శరీరం అలా ఒక్కసారిగా ఆపితే ఊరుకోదు. మొదటిరోజు వణుకు, చెమటలు. నీరసమని దగ్గర్లో చూపిస్తే గ్లూకోజ్ బాటిల్ ఎక్కించారు. తాగుడు వల్ల విటమిన్ బి1 (థయమిన్) అడుగంటినవాళ్లకి అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. అది ఆయనకి జరగలేదు, అదృష్టం. మూడోరోజు రాత్రి పీఠం దగ్గర గోడమీద చీమలు పాకుతున్నాయని చేత్తో దులపడం మొదలుపెట్టాడు. లారీ వచ్చింది, దింపాలంటూ లేచి పరిగెత్తబోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు కొందరు స్వామి ఒంటిమీదకి వచ్చాడని దణ్ణం పెట్టారట. ఆపింది గురుస్వామి. "ఇది పూనకం కాదు. మా అన్నకీ ఇట్టాగే అయింది, ఆస్పత్రికి తీసుకుపోండి" అని ఆయనే ఆటో పిలిపించాడు. చివరి చుక్క పడ్డాక 48 నుంచి 96 గంటల మధ్య వచ్చే ఈ స్థితిని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చూడక వదిలేస్తే ప్రాణం పోతుంది. ఈ కేసులో మొట్టమొదటి కోఆర్డినేటర్ ఆ గురుస్వామి. మా ఫారంలో ఆయన కోసం గడి లేదు.

వార్డులో లివర్ ఎంజైములు పెరిగి ఉండటంతో వణుకు తగ్గించే లోరాజెపామ్ పెట్టారు, థయమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. తాగుడు ఆపితే వచ్చే ఈ బాధల (విత్‌డ్రాయల్) తీవ్రత కొలిచే సివా స్కోరు ఆ రాత్రి వేయలేదు. అది పేషెంటు జవాబు చెప్పగలిగినప్పుడే పనికొస్తుంది, చీమలు దులుపుకునే మనిషిని "వికారంగా ఉందా?" అని అడిగి లాభం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. కాబట్టి తెలివిలేనప్పుడు భార్య సంతకం, తెలివొచ్చాక మళ్లీ ఆయన సంతకం తీసుకున్నాం. ఆరోజే మా ప్రోగ్రాం ఫారం నింపాను. ఆడిట్ స్కోరు 29. నలభైకి 20 గానీ అంతకుమించి గానీ వస్తే బానిసై ఉండొచ్చని చూడమంటారు. ఫారం చివర్లో ఒక గీత ఉంటుంది: ఫోన్ కలవకపోతే ఎవరిని అడగొచ్చు? చాలామంది ఖాళీ వదిలేస్తారు, నేనూ పట్టించుకోను. ఆయన మాత్రం తమ హమాలీ ముఠా మేస్త్రి పేరు, నంబరు చెప్పి రాయించాడు.

వార్డులో నర్సులు కూడా ఆయన్ని స్వామీ అనే పిలిచారు. "మాల తెగినట్టేనా మేడం?" అని ఒకటే టెన్షన్ పడ్డాడు. గురుస్వామికి ఫోన్ కలిపి ఇచ్చాను. మందు వేసుకోవడం దోషం కాదని ఆయన చెప్పాకే మాత్ర మింగాడు.

30వ రోజు విజిట్‌కి చెప్పుల్లేకుండా, విభూతితో వచ్చాడు. చుక్క ముట్టలేదు. 'మానేశాడు' అని రాశాను.

ఇక్కడే మొదటి తప్పు. ఆ ముప్పై రోజులూ మాల కింద గడిచాయి. 41 రోజుల దీక్షలో ఉన్న మనిషి మా ఫోన్ కాల్ వల్ల ఆగాడని ఎలా అంటాను? ఆ నెలలో చేరినవాళ్లలో అయ్యప్ప మాల వేసినవాళ్లున్నారు, బెజవాడ అమ్మవారి భవానీ దీక్షలో ఉన్నవాళ్లున్నారు. అందరూ 'మానేశాడు'లే. ఏ దాతకైనా కళ్లు చెదిరే రిపోర్టు పంపాలంటే ప్రోగ్రాం నవంబరులో మొదలుపెట్టి డిసెంబరులో లెక్కపెడితే చాలు. మేం తెలియకుండా సరిగ్గా అదే చేశాం.

మాత్ర

దీక్ష అయ్యి మాల తీశాడు. కనుమనాడు అత్తగారింట్లో తాగాడు, మర్నాడూ తాగాడు. మూడోరోజు ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు. "మాల ఉంటే ఆగగలిగా. ఇప్పుడేదన్నా అడ్డం ఉండాల. తాగితే పడకుండా చేసే మాత్ర ఉందంటగా, అది ఇప్పించండి" అన్నాడు.

డైసల్ఫిరామ్ అది. వేసుకుని తాగితే మొహం ఎర్రబడి, గుండె దడ, వాంతులు. చెప్పకుండా కూరలో కలిపి పెట్టే మందు కాదు. అలా అడిగే ఇల్లాళ్లు వారానికొకరైనా వస్తారు, ఇవ్వం. చివరి చుక్క పడి కనీసం 12 గంటలైనా దాటాలి. ఆపేశాక కూడా రెండు వారాలదాకా దాని ప్రభావం ఉండొచ్చు. లివర్ పరీక్షలు మళ్లీ చేయించారు, చాలావరకు తగ్గాయి. డాక్టరుగారు ఇద్దరినీ కూర్చోబెట్టి విడమర్చి చెప్పి మొదలుపెట్టారు. రాత్రి అన్నం తిన్నాక భార్య చేతి మీదుగా వేసుకోవాలని ఒప్పందం. 90వ రోజు విజిట్‌కి వచ్చాడు. గత నెలలో తాగలేదు. 'మానేశాడు' అని మళ్లీ రాశాను. కనుమ సంగతి రాయలేదు, ఎందుకంటే ఫారం అడిగేది గత 30 రోజుల గురించే.

శివరాత్రికి ముఠాతో కలిసి కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్లాడు. ప్రభలు చూసి, దొరికింది తిని, విరేచనాలతో తిరిగొచ్చాడు. ఇంటి దగ్గర క్లినిక్‌లో చూపిస్తే మందులు రాశారు. వేసుకుంటున్న మూడో రోజుకల్లా మనిషి మారిపోయాడు. నిద్ర లేదు. పక్కింటివాళ్లు తన గురించే గుసగుసలాడుతున్నారంటాడు, రోజు ఏదో చెప్పలేడు, భార్య అన్నం పెడితే ఏం కలిపావంటాడు. ఆమె ఫోన్ చేసి ఏడ్చింది. "మళ్లీ మొదలెట్టాడమ్మా. తిరునాళ్లకి పోనిచ్చా చూడు, నాదే బుద్ధి తక్కువ." నేను పెన్ను తీసి 110వ రోజు ఎదురుగా 'మళ్లీ మొదలుపెట్టాడు' అని రాసేశాను. వాసన వస్తోందా అని కూడా అడగలేదు.

రెండ్రోజుల తర్వాత ఆయన్ని తీసుకొచ్చింది. కొంగుముడి విప్పి వేసుకుంటున్న మాత్రల షీట్లన్నీ బల్లమీద పెట్టింది. అందులో మెట్రోనిడజోల్ ఉంది. విరేచనాలకి మామూలుగా రాసే మందే. కానీ డైసల్ఫిరామ్ వేసుకుంటున్న మనిషికి, ఆపి రెండు వారాలైనా కానివాడికి, అది ఇవ్వకూడదు. రెండూ కలిస్తే ఇలాగే అయోమయం, అనుమానాలు, పిచ్చి లక్షణాలు రావచ్చు. ఎన్నో ఏళ్లుగా తెలిసిన విషయం, మందు కాగితం మీదే ఉంటుంది. రెండూ ఆపించారు. కొద్దిరోజుల్లో మనిషి మళ్లీ మనిషయ్యాడు. చుక్క తాగలేదు.

ఆ క్లినిక్ డాక్టరుది తప్పనను. ఈయన ఇంకో మాత్ర వేసుకుంటున్నాడని ఆయనకి తెలిసే దారి ఏది? మేం ఇచ్చిన కార్డు ఇంగ్లిషులో ఉంది, ఫైల్లో పెట్టి, ఫైలు ఇంట్లో బీరువా మీద. తాగుడుకి మందు వాడుతున్నానని పేషెంటు కొత్త డాక్టరు ముందు నోరు విప్పి చెప్పడు, సిగ్గు. మా ప్రోగ్రాం పేరులోనే కోఆర్డినేషన్ ఉంది. అది కావలసిన చోట మేమే లేము.

ఇంకో మాట. కేసు ఫైల్లో డాక్టరుగారు ఇదంతా వివరంగా రాశారు. రిజిస్టర్లో నేను రాసిన ఎంట్రీ మాత్రం దిద్దలేదు. పైకి వెళ్లే రిపోర్టు తయారయ్యేది ఫైలు నుంచి కాదు, రిజిస్టర్ నుంచి.

ఇంట్లో నమ్మకం పోయింది. "తాగినప్పుడే నయం, మీ మాత్ర పిచ్చెక్కించింది" అంది వాళ్ల అత్త. ఆయన ఇంకే మందూ వద్దన్నాడు. విజిట్‌కి రాలేదు. మూడుసార్లు ఫోన్ చేశాను, నంబర్ పనిచేయడం లేదని వచ్చింది. మా రూలు ప్రకారం మూడు కాల్స్ తర్వాత డ్రాపౌట్. 140వ రోజు అదే రాశాను.

లెక్క

ఏప్రిల్లో దాతల నుంచి మెయిల్ వచ్చింది, ఏడాది మూల్యాంకనం పంపమని. అప్పటిదాకా మా రిపోర్టులు ఒకే మూసలో ఉండేవి. ఎన్ని ఫోన్లు చేశాం, ఎన్ని ఇళ్లకి వెళ్లాం, 90వ రోజు వచ్చినవాళ్లలో ఎంతమంది మానేశారు. ఈసారి టీంలో కొత్తగా చేరిన ఒక కుర్రాడు, స్టాటిస్టిక్స్ చదివినవాడు, మొదటి పేజీ చూసి "రానివాళ్లేరి మేడం?" అన్నాడు.

మాది చిన్న ప్రోగ్రాం. అసలు అంకెలు వేస్తే ఎవరెవరో తెలిసిపోతుంది, కాబట్టి ఉదాహరణ అంకెలతో చెప్తాను. వందమంది చేరారనుకోండి. 90వ రోజుకి నలభైమంది వచ్చారు. వాళ్లలో ముప్పైమంది మానేశామన్నారు. నలభైలో ముప్పై, అంటే 75 శాతం సక్సెస్ అని మేం రాసేవాళ్లం. చేరినవాళ్లందరి మీద లెక్కేస్తే 30 శాతం. మరి రాని అరవైమంది? అందరూ తాగుతున్నారనుకుంటే 30, అందరూ మానేసి హాయిగా ఉన్నారనుకుంటే 90. అసలు జవాబు 30కీ 90కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అంత వెడల్పు ఉన్న జవాబుని జవాబనరు. ఆ అరవైమందిని వెతక్కుండా మిగతా పేజీలన్నీ అలంకారమే.

రానివాళ్ల జాబితా తీశాం. నా వాటాకి వచ్చినవాళ్లలో ఈయనొకడు. ఫారం చివరి గీతలో మేస్త్రి నంబరు కనిపించింది. నూట నలభై రోజులుగా అక్కడే ఉంది.

యార్డుకి వేసవి సెలవులు ఇచ్చే ముందు వారం అది. తెల్లవారుజామునే వెళ్లాను. ఆస్పత్రి ఐడీ కార్డు మెళ్లో వేసుకోలేదు. నలుగురిలో "ఫలానా డీఅడిక్షన్ మేడం వచ్చింది" అంటే ఆయన పరువేం కావాలి? మేస్త్రికి ముందే ఫోన్ చేసి, ఆయన ద్వారా అడిగించి, సరే అన్నాకే వెళ్లాను. టీకొట్టు దగ్గర కూర్చున్నాం. నన్ను చూడగానే ఈయన మొదట అన్నది, "మేడం, సిమ్ మార్చానండీ, అప్పులోళ్ల బాధ పడలేక." డ్రాపౌట్ వెనక ఉన్న కథ అంతే.

ఎన్ని రోజులు తాగాడో లెక్క తీయడానికి టైంలైన్ ఫాలోబ్యాక్ అనే పద్ధతి ఉంది. క్యాలెండర్ ముందు పెట్టి, వెనక్కి ఒక్కో రోజూ గుర్తుచేసుకోమంటాం. తేదీలు అడిగితే ఆయనకేం గుర్తులేదు. పండగలు అడిగాను. కార్తీక పౌర్ణమి, ముక్కోటి, భోగి, కనుమ, శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి, వాటి మధ్య యార్డు సెలవు రోజులు, బావమరిది ఇంట్లో ఫంక్షను. నిమిషాల మీద లెక్క తేలింది. కనుమ, మర్నాడు: రెండేసి క్వార్టర్లు. ఉగాది సాయంత్రం ఒక క్వార్టరు. ఫంక్షనులో సగం బీరు, "తాగలేక పక్కన పెట్టేశా." నూట డెబ్బై రోజుల్లో తాగింది నాలుగు రోజులు, అందులో విపరీతంగా తాగినవి మూడు. చేరకముందు నెలకి పాతిక రోజుల పైనే తాగినవాడు. భార్యని విడిగా అడిగితే ఆమె లెక్కా ఇదే, ఉగాదిది మాత్రం రెండు క్వార్టర్లంది.

మరి ఆపిందెవరు? మేస్త్రి చెప్పుకుంటూ పోయాడు, పెద్ద విశేషంలాగా కాదు. శివరాత్రి తర్వాత ఆయన్ని సాయంత్రం లారీల మీద నుంచి తప్పించి పొద్దున కాటా దగ్గర వేశాడట. సాయంత్రం లోడింగ్ అయ్యాకే ముఠా అంతా సీసా దగ్గరికి చేరేది. ఈయన వారం కూలీలో సగం ఈయన భార్య చేతికి ఇస్తున్నాడు, ఈయన ఒప్పుకున్నాకే. "మంచి పనోడు మేడం. పడిపోతే ముఠాకే నష్టం."

ఈ కేసులో గురుస్వామి, మేస్త్రి చేసింది ఎంత, మేం చేసింది ఎంత? నిజాయితీగా చెప్పాలంటే ఆస్పత్రి వారం రోజులు ప్రాణం నిలబెట్టింది, కనుమ తర్వాత మందు ఒక అడ్డం అయింది, ఆ తర్వాత మేం ఒక హాని కూడా చేశాం. మిగతాది వాళ్లది. మా రిపోర్టులో ఇవేవీ లేవు.

అదే జాబితా తిరగేస్తుంటే దీనికి పూర్తి వ్యతిరేకమైన కేసూ తగిలింది. ఒకాయన ప్రతి విజిట్‌కీ తప్పకుండా వచ్చేవాడు, ఇస్త్రీ చొక్కాతో. అడిగిన ప్రతిసారీ "అస్సలు ముట్టలేదు మేడం." మా సక్సెస్ లెక్కలో మొదటి పేరు ఆయనదే. కానీ రక్తంలో జీజీటీ అనే లివర్ ఎంజైము పెరుగుతూ పోయింది. జీజీటీ ఒక్కదాన్నే పట్టుకుని తాగాడనలేం, ఫ్యాటీ లివర్ ఉన్నా పెరుగుతుంది, కొన్ని మందులకీ పెరుగుతుంది. ఆయన్ని ఎప్పుడూ చూడని మా స్టాటిస్టిక్స్ కుర్రాడు వెళ్లి అడిగితే వారానికి మూడు రోజులు తాగుతున్నానని మామూలుగా చెప్పేశాడు. నాకెందుకు చెప్పలేదంటే, "ఆ మేడం అంత ఆప్యాయంగా అడుగుతుంటే తాగానని ఎట్టా చెప్తాం?" ఆరోజు నుంచి ఫలితాలు అడిగే పని కోఆర్డినేటర్లు చేయకూడదని పెట్టాం. సాయం చేసేవాళ్లే మార్కులు వేస్తే ఇంతే.

దేనితో పోల్చాలి

ఇంత దిద్దాక కూడా అసలు చిక్కు ఉంది. చేరకముందు నెలకి పాతిక రోజులు, చేరాక దాదాపు లేదు. ఈ తేడా అంతా ప్రోగ్రాం వల్లేనా? మనిషి మా దగ్గరికి వచ్చేదే బతుకు అట్టడుగుకి చేరినప్పుడు. అట్టడుగునుంచి ఎవరైనా కాస్త పైకే వస్తారు, మేమున్నా లేకున్నా.

ఇది నా ఊహ కాదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని క్యామ్డెన్‌లో పదేపదే ఆస్పత్రి పాలయ్యే రోగుల కోసం నర్సులు, సోషల్ వర్కర్లతో ఒక కోఆర్డినేషన్ ప్రోగ్రాం నడిచింది. ముందూ వెనకా పోల్చి చూస్తే అద్భుతం. ఎంతో పేరొచ్చింది. తర్వాత 800 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి పరీక్షించారు. 2020లో వచ్చిన ఫలితం: 180 రోజుల్లో మళ్లీ ఆస్పత్రిలో చేరింది ప్రోగ్రాం ఉన్నవాళ్లలో 62.3 శాతం, లేనివాళ్లలో 61.7 శాతం. రెండు గుంపులూ ఒకేలా తగ్గాయి. మత్తు బానిసత్వం మీదే బోస్టన్‌లో 563 మందితో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలోనూ అంతే. ఏడాది తర్వాత మానేసి ఉన్నవాళ్లు సమన్వయ చికిత్స గుంపులో 44 శాతం, మామూలు గుంపులో 42 శాతం.

ఇవి చదివి మా నర్సు ఒకావిడ "అయితే మూసేద్దామా?" అంది. మూసేయమని కాదు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, డాక్టర్లు కాని మామూలు కౌన్సెలర్లు కొద్ది సెషన్లు మాట్లాడితే, ప్రమాదకరంగా తాగే మగవాళ్లలో మూడు నెలలకి తగ్గినవాళ్లు 36 శాతం, కౌన్సెలింగ్ లేనివాళ్లలో 26 శాతం. 2017లో వచ్చింది ఇది. అంటే కొన్ని పనిచేస్తాయి, కొన్ని చేయవు, పోల్చకుండా ఏది ఏదో తెలియదు. గోవాలో చూసింది బానిస స్థితికి చేరనివాళ్లని, మాకొచ్చేది చేరినవాళ్లు. ఆ పది శాతం తేడా మాకూ వస్తుందని రాసుకోవడం కూడా మోసమే.

మాకున్న కోఆర్డినేటర్లు ఇద్దరు, పేషెంట్లు వాళ్లు చూడగలిగినదానికి మించి. కాబట్టి ప్రాంతాలవారీగా చీటీలు వేసి, రెండు నెలలకో ప్రాంతం చొప్పున కోఆర్డినేషన్ మొదలుపెట్టి, ఇంకా వంతు రాని ప్రాంతాలతో పోలుద్దామని ప్రతిపాదించాం. గదిలో గొడవే అయింది. "ఒకరికి ఫోన్ చేసి ఇంకొకరికి చేయకపోవడం ఏం న్యాయం?" అన్నారు. ఇప్పుడేం న్యాయం జరుగుతోంది? గట్టిగా అడిగినవాడికి, తెలిసినవాళ్ల ద్వారా వచ్చినవాడికి ముందు అందుతోంది. చీటీ అంతకంటే నయమని నా వాదన. మామూలు వైద్యం మాత్రం ఎవరికీ ఆగదు. ప్రతిపాదన ఎథిక్స్ కమిటీ ముందు ఉంది.

ఈలోగా మా చేతిలో ఉన్నవి మార్చాం. భాగహారంలో కింద అంకె ఎప్పుడూ చేరినవాళ్లందరిదీ. రోజుల లెక్క 180 దాకా, ఒక మాల కాలం, ఒక సంక్రాంతి, కొంతైనా మిర్చి సీజన్ అందులో పడేలా. నెలాఖరు రిపోర్టులో చేరిన నెల కూడా పక్కనే ఉంటుంది. తాగాడా మానేశాడా అన్న రెండు మాటల బదులు తాగిన రోజులు, క్వార్టర్ గానీ అంతకుమించి గానీ తాగిన రోజులు. హాని అని ఒక కొత్త కాలమ్ పెట్టాం. మందులు పడకపోవడం, కూలి పోగొట్టుకోవడం, ఇంట్లో పరువు పోవడం అన్నీ అందులోకి. మొదట ఎవరూ నింపలేదు, మా హాని మేమే రాసుకోవడం ఎవరికిష్టం? మొదటి ఎంట్రీ నేనే రాశాను, మెట్రోనిడజోల్‌ది.

ఫోన్లు ఎన్ని చేశామన్నది లెక్కపెట్టడం మానేశాం. దాని బదులు రిఫరల్ చీటీలు లెక్కపెడుతున్నాం. పంపినవాటిలో అవతలి డాక్టరు జవాబు రాసి తిరిగొచ్చినవి ఎన్ని? మొదటి నెల ఆ సంఖ్య చూసి అందరం కాసేపు మాట్లాడలేదు. మందుల కార్డు తెలుగులోకి మార్చి, జేబులో పట్టేంత చేశాం. మీద తాగుడు, డీఅడిక్షన్ లాంటి మాటేమీ ఉండదు, "ఈ మందులతో మెట్రోనిడజోల్, ఆల్కహాల్ ఉన్న దగ్గు టానిక్కులు పడవు, రాసేముందు ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని మాత్రమే. ఫారం చివరి గీత నింపకుండా ఇప్పుడు ఎవరినీ చేర్చుకోం. ఎవరినైనా అడగొచ్చని పేషెంటు ఒప్పుకుంటేనే, ఏం అడగొచ్చో కూడా ఆయనే చెప్తేనే.

పీఠాల దగ్గరికి కూడా వెళ్తున్నాం. రోజూ తాగేవాళ్లు మాల వేసుకోవడానికి పదిరోజుల ముందు ఒకసారి మా దగ్గరికి రావాలని, డాక్టరు పర్యవేక్షణలో ఆపి మాల వేసుకుంటే మూడోరోజు గండం తప్పుతుందని గురుస్వాముల చేత చెప్పించడం. ఈయన్ని మోసుకొచ్చిన గురుస్వామి మొదటి మీటింగుకి తనతోపాటు ఇంకో నలుగుర్ని తీసుకొచ్చాడు.

180వ రోజు ఎంట్రీ రాసేముందు ఆయనకి కొత్త నంబరుకి ఫోన్ చేశాం, చేసింది నేను కాదు. యార్డు సెలవులు, కోల్డ్ స్టోరేజీలో పని దొరికింది. ఆ పది రోజుల్లో తాగలేదు. మందు మళ్లీ మొదలుపెడతావా అంటే ఆలోచిస్తానన్నాడు. పాత నాలుగు ఎంట్రీలూ కొట్టేయలేదు, పక్కన ఎర్ర ఇంకుతో సరిచేసి తేదీ వేసి సంతకం పెట్టాను. ఆ వరుసలో ఇప్పుడు ఇలా ఉంది: తాగిన రోజులు 4, క్వార్టర్ గానీ అంతకుమించి గానీ తాగినవి 3, భార్య లెక్కతో తేడా 1 క్వార్టర్, హాని 1, చివరి విజిట్ ఎక్కడ: టీకొట్టు.